తంగేడు కొరకు అడవి అంచునకు పోవలెనా?

గత సంవత్సరము ఎంగిలిపూల బతుకమ్మ నాడు తెల్లవారుజామున మన కుటుంబములకు చెందిన నలుగురు యువకులు సంచులు, కొడవళ్ళు పట్టుకొని తంగేడు పూల కొరకు ఊర్జానగరు దాటి బయలుదేరిరి. గంట గడువకమునుపే వట్టి సంచులతో తిరిగి వచ్చిరి. కాలిబాట ప్రక్క బురదలో అరచేతి కంటె వెడల్పయిన అడుగుజాడలు కనబడినవట. అవి పాతవో క్రొత్తవో పరిశీలించుటకు వారు నిలువలేదు, నిలువకుండుటయే మేలైనది. ఆనాడు బజారులో దొరికిన బంతిపూలతోను, చామంతులతోను, కొందరి యిండ్లలో రంగు కాగితపు పూలతోను బతుకమ్మలను పేర్చిరి. ఆట సాగినది, పాట సాగినది. కాని డెబ్బదియేండ్లు దాటిన ఒక పెద్దమ్మ మమ్ములను దగ్గరకు పిలిచి, "గునుగు లేదు, తంగేడు లేదు, గిదేం బతుకమ్మ బిడ్డా? గింతమంది మగోళ్ళున్నరు, ఇంటెనుక నాలుగు చెట్లు పెట్టరాదా?" అని అడిగినది. మేము నవ్వి తప్పించుకొంటిమి. ఆ ప్రశ్న మాత్రము మమ్ములను వదలలేదు. ఈ వారపు సంపాదకీయము ఆమెకు మేమిచ్చు ఆలస్యపు జవాబు.

మన ఊరి సంగతి తెలియనివారికి ఇది చిన్న విషయముగ తోచవచ్చును. మనకు అట్లు తోచదు. 1955లో ఏర్పడిన తాడోబా జాతీయవనము, 1995లో ఏర్పడిన తాడోబా-అంధారి పులుల అభయారణ్యము మనకు దూరపు యాత్రాస్థలములు కావు. ఆ అడవి అంచులు విద్యుత్కేంద్రపు పరిసరముల దాక సాగి వచ్చినవి. 2022 ఫిబ్రవరిలో పని ముగించుకొని ఇంటికి మరలుచున్న ఒక కార్మికుని విద్యుత్కేంద్రము దాపున పులి చంపినది. వెనువెంటనే దుర్గాపూరు ప్రాంతమున పదునారేండ్ల బాలుడు చిరుతకు బలియైనాడు. ఆ రోజులలో సూర్యాస్తమయము కాగానే వీధులు నిర్మానుష్యమగుట, తల్లులు పిల్లలను ఇంటిలోనుంచి తలుపులు గడియ వేయుట మనమందరము ఎరిగినదే. కాలనీలోని ముండ్లపొదలను నరికించవలెనని గట్టిగా కోరినవారిలో మేమును ఉంటిమి. ఆ కోరికను నేటికిని వెనుకకు తీసుకొనలేదు.

అట్లయిన నేడు పిట్టలకు, సీతాకోకచిలుకలకు, తేనెటీగలకు అనుకూలమైన నాటు మొక్కల తోటలను పెంచుడని వ్రాయుట మీ మాటను మీరే ఖండించుకొనుట కాదా యని పాఠకులు అడుగవచ్చును. కాదు. పొద వేరు, తోట వేరు. చిరుత పువ్వును చూచి రాదు. వీధికుక్కను చూచి వచ్చును, పందిని చూచి వచ్చును, ఆ కుక్కలను పందులను పోషించు చెత్తకుప్పను ఆశ్రయించి వచ్చును. వచ్చినది పగలు పడుకొనుటకు మనిషి నడువని ముండ్లపొదను వెదకుకొనును. మనము చేసినదేమి? చెత్తకుప్పను ఉన్నచోటనే ఉంచితిమి, గోడవెంట సర్కారు తుమ్మను పెరుగనిచ్చితిమి, ఇంటి ముందు మాత్రము భయపడి వేపచెట్టును కొట్టించితిమి. ఒక వీధిలో ముప్పదియేండ్ల వేపను నరికినపుడు మేమక్కడనే ఉంటిమి. ఆ చెట్టుపై ఏనాడును చిరుత ఎక్కలేదు. గోరువంకలు ఉండెడివి, ఉడుతలు ఉండెడివి, మధ్యాహ్నము కూరగాయల బండివాడు నీడకు ఆగెడివాడు. ఇపుడు అతడును ఆగుట లేదు.

సర్కారు తుమ్మ సంగతి ఎత్తితిమి గనుక ఒక మాట. దసరానాడు మనము మ్రొక్కు జమ్మియు, ఈ ముండ్ల తుమ్మయు దాయాదులని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. జమ్మి ఈ దేశపుది. దాని క్రింద పైరు కూడ పండును. రెండవది అమెరికా ఖండపుది. వంటచెరకునకు పనికివచ్చునని అప్పటి మదరాసు రాజధాని అటవీశాఖవారు దీని విత్తనములు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురమున నాటించిరి. అనగా ఈ తుమ్మ భారతదేశమున అడుగుపెట్టినది మన తెలుగు నేలమీదనే. నేడది చెరువుగట్లను, బీళ్ళను, రైలుకట్టలను కమ్ముకొని, తన క్రింద వేరొక మొక్కను మొలవనీయక, మన కాలనీ గోడల వెంట చిరుతకు పరుపై కూర్చున్నది. లాంటానా అను ముండ్లపొదయు అట్టిదే. మనవారు కొందరు దీనిని పులికంప యందురు. దాని పూవులపై సీతాకోకచిలుకలు వ్రాలుమాట నిజమే. పూవులో తేనె పెట్టును గాని, ఆకు మాత్రము ఆ చిలుకల పిల్లలకు తిండి కాదు. అతిథికి పానకమిచ్చి అన్నము లేదనుట వంటిది.

ఈ ఆకు సంగతియే అసలు సంగతి. దీనిని మేము తెలిసికొన్నది పుస్తకమున గాదు, మా పెరటిలోని కరివేపాకు చెట్టు వద్ద. వానకాలము వచ్చినదనగా ఆ చెట్టు లేత ఆకులపై పిట్టరెట్ట వలె నలుపు తెలుపు కలిసిన చిన్న పురుగులు కనబడును. పది దినములలో అవి పచ్చబడి లావెక్కును. ముట్టినచో తలమీదనుండి ఎర్రని కొమ్ము వంటిదానిని చాచి ఘాటు వాసన విడుచును. మా యింటి ఆడవారు ఏండ్ల తరబడి వానిని చూడగానే మందు కొట్టుచుండిరి. ఆ మందు తెచ్చి ఇచ్చినది మేమే. ఒక యేడు మందు సమయమునకు అందక ఊరకుంటిమి. కొన్నాళ్ళకు రెమ్మలకు అంటుకొని చిన్న గూళ్ళు వ్రేలాడినవి, వానిలోనుండి పసుపు నలుపు రెక్కల సీతాకోకచిలుకలు వెలువడినవి. చెట్టు చావలేదు, నెలలో మరల చిగిర్చినది. నిమ్మ, మారేడు ఆకులు కూడ ఈ చిలుక పిల్లకు ఆహారమే. జిల్లేడు ఆకు వేరొకదానికి, రేల ఆకు ఇంకొకదానికి. అమ్మ ఏ ఆకుపై గ్రుడ్డు పెట్టవలెనో ఆ ఆకుపైననే పెట్టును. అది లేనిచో ఆ వీధికి రాదు. నర్సరీలో రంగు చూచి కొన్న విదేశపు పూలమొక్క వందలున్నను దానికి లెక్క లేదు.

పిచ్చుకల సంగతియు ఇట్టిదే. మేము కిరాణా వర్తకులము; గోనెల నడుమ పెరిగినవారము. పిచ్చుక గింజ తిని బ్రతుకునని మా చిన్ననాటి నుండి నమ్మితిమి. దుకాణములో గింజ తరుగలేదు, పిచ్చుక మాత్రము తరిగినది. కారణమేమని విచారించగా, పెద్ద పిచ్చుక గింజ తినును గాని, గూటిలోని పిల్లను పెంచునది మెత్తని పురుగుతోనట. పురుగు లేని ఊరిలో పిచ్చుకపిల్ల ఏమి తినును? ఆకు పురుగు తినవలెను, పురుగును పిట్ట తినవలెను. పెరటిలో ఒక్క ఆకునకు చిల్లు పడరాదని మనము పంతము పట్టినచో ఈ బేరము అక్కడనే ఆగును.

ఇక మా తప్పును కూడ చెప్పుకొనవలెను. ఐదేండ్ల క్రిందట మన సంఘభవనము ముందు పచ్చదనము పెంచవలెనని తీర్మానించినపుడు, ఒక నర్సరీవారి మాట విని కోనోకార్పస్ మొక్కలను వరుసగా నాటించినవారము మేమే. త్వరగా పెరిగినవి, వేసవిలో వాడలేదు, కత్తిరించినచో గోడవలె నిలిచినవి. అందరును మెచ్చుకొనిరి, మేమును మురిసితిమి. ఈ ఐదేండ్లలో ఆ వరుసలో ఒక్క పిట్టగూడు మా కంటబడలేదు. ఒక్క ఆకునకు చిల్లు లేదు. ఎంత అందముగ నున్నను అది చెట్లవరుస కాదు, పచ్చరంగు వేసిన తడిక. వేళ్ళు మాత్రము మురుగుకాలువలోనికి దిగినవి. దానిని బాగుచేయుటకైన ఖర్చు సంఘపు లెక్కలలో ఉన్నది, చూడగోరువారు చూడవచ్చును. మేమొక్కరమే మోసపోలేదను ఓదార్పు కలదు. 2015లో ప్రారంభమైన తెలంగాణ హరితహారమున రహదారుల నడుమ ఈ మొక్కను లెక్కకు మించి నాటిరి. తరువాత ఆ ప్రభుత్వమే దీనిని పెంచవద్దనినది. గుజరాతు ప్రభుత్వము 2023లో నాటరాదని ఆజ్ఞ వేసినది. తమిళనాడు 2025లో అదే త్రోవ పట్టినది. దాని పుప్పొడి ఉబ్బసపు రోగులకు మంచిది కాదనియు, వేళ్ళు గొట్టములను చెరచుననియు ఆరోపణలు. బూడిదను బొగ్గుపొడిని పీల్చుచు బ్రతుకు మన ఊరికి, 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణమండలి వేసిన లెక్కలో దేశమున నాలుగవ స్థానమునకెక్కిన మన ఊరికి, ఇంకొక దగ్గు అవసరమా?

ఇచ్చట ఒక చిక్కు కలదు. పరదేశపు మొక్క, స్వదేశపు మొక్క అను మాట వినగానే మనము, మరాఠీ నేలమీద తెలుగు మాటలాడువారము, కొంచెము ఉలికిపడుదుము. ఎక్కడినుండియో వచ్చినవారిని ఎక్కడిదో మొక్కను ఒకే నోటితో తిట్టువారు లోకములో లేకపోలేదు. మేమా త్రోవన పోవుట లేదు. బతుకమ్మకు తప్పనిసరియైన బంతి మెక్సికో దేశమునుండి వచ్చినది. మేము మణుగుల కొలది అమ్ము మిరపకాయ కూడ అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినదే. అది లేని తెలుగువాని పళ్ళెమును ఊహింపుడు! బంతి వచ్చి మన గుమ్మమున పూచినది గాని గునుగును వెళ్ళగొట్టలేదు. తుమ్మ వచ్చి తాను తప్ప వేరెవ్వరును ఉండరాదనినది. పుట్టుక ఎక్కడ అన్నది మా ప్రశ్న కాదు; ప్రక్కవానిని బ్రతుకనిచ్చునా యన్నది ప్రశ్న. నాటు చెట్టైనను ఊరంతయు ఒక్కటే నాటినచో మంచిది కాదు. 2014 హుద్‌హుద్ తుఫాను పిదప విశాఖపట్టణమున ఏడాకుల పాల చెట్లను విరివిగా నాటగా, అవి పూచు కాలమున ఆ ఘాటు వాసనకు జనులు తలలు పట్టుకొని ఫిర్యాదులు చేసిరి. అది మన దేశపు చెట్టే. వేయి నాటుట తప్పు గాని పది నాటుట తప్పు కాదు.

మరి ఏమి నాటవలెను? దీనికి పండితులను పిలువనక్కరలేదు, పంచాంగము చాలును. వినాయక చవితి నాడు ఇరువదియొక్క పత్రులతో పూజ చేయుదుము గదా, ఆ జాబితాను ఒకసారి పూజకొరకు గాక తోటకొరకు చదువుడు. మారేడు, గరిక, ఉత్తరేణి, రేగు, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతము, దానిమ్మ, మరువము, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. దేవదారు ఒక్కటి హిమాలయపు చెట్టు, మన యెండకు నిలువదు; తక్కినవి చాలవరకు ఇక్కడి మట్టిలో పెరుగునవే. వీనిలో తేనె ఇచ్చునది, పండు ఇచ్చునది, పురుగునకు ఆకు ఇచ్చునది, గూటికి కొమ్మ ఇచ్చునది, అన్నియు కలవు. కాని నేడు మనము చేయుచున్నదేమి? చవితి ముందునాడు బజారులో పది రూపాయలకు ఒక కట్ట కొనుచున్నాము. ఆ కట్టలో పత్రి పేరిట ఉండునవి దారిప్రక్క చేతికందిన ఏవో కొమ్మలు. వర్తకులము గనుక చెప్పగలము, అంత చౌకగ ఇరువదియొక్క రకములు ఎవ్వరును తేలేరు. దేవుడు క్షమించును గాని, గరికకు ఉత్తరేణికి తేడా తెలియని పిల్లలు పెరుగుచున్నారు.

దసరాకు పాలపిట్టను చూడవలెనని మన పెద్దలు పొలిమేర దాక నడిచెడివారు. తెలంగాణ రాష్ట్రము పాలపిట్టను తన పక్షిగను, జమ్మిని తన చెట్టుగను, తంగేడును తన పూవుగను ఎన్నుకొన్నది. మన మరాఠీ సోదరులు దసరానాడు ఆపటా ఆకును బంగారమని పంచుకొందురు. మనము ఆరె చెట్టనునది అదియే. తంగేడు వారికి తరవడ్, రేల వారికి బహావా, మోదుగ వారికి పళస్, ఇప్ప వారికి మోహ. పేర్లు రెండు, నీడ ఒక్కటే. కావున ఈ పని తెలుగువారి పని యని గిరి గీసికొనుట మాకిష్టము లేదు. ప్రక్క క్వార్టరువారు ఆపటా మొక్క అడిగినచో మన నారుమడినుండియే ఇత్తము.

ఊరిలో మనుష్యులును ప్రాణులును కలిసి బ్రతుకుట మన జాతికి క్రొత్త కాదు. అనంతపురము సీమలో చిలమత్తూరు దాపున వీరాపురమను పల్లె కలదు. ఏటేట పెద్ద కొంగలు వచ్చి ఊరి నడుమనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకొని పోవును. రెట్టల కంపు, రాత్రింబగళ్ళు అరుపులు. ఐనను ఊరివారు ఆ చింతలను కొట్టరు, కొట్టనీయరు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి వద్ద తేలినీలాపురమున గూడబాతులును కొంగలును ఇట్లే విడియును. గుంటూరు దాపున ఉప్పలపాడున ఊరి చెరువులోని చెట్లనిండ పక్షులే. ఏ చట్టము చెప్పినదని వారు కాపాడిరి? పురిటికి వచ్చిన ఆడపడుచును పొమ్మనని మర్యాదయే అది. వారికున్నది చెరువు, చింత. మనకున్నది క్వార్టరు వెనుక పది అడుగుల నేల. అంతకు తగినంతయే చేయుదము.

అమెరికా దేశమున నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ అను సంస్థ 1973 నుండి ఇండ్ల పెరళ్ళను గుర్తించి పలకలు ఇచ్చు కార్యక్రమము నడుపుచున్నది. అక్కడ స్థిరపడిన మన బంధువులు కొందరి వాకిళ్ళలో ఆ పలక ఉన్నదని విన్నాము. వారు అడుగునవి ముఖ్యముగ ఇవి: నీ పెరటిలో ప్రాణులకు తిండి కలదా, నీరు కలదా, దాగుచోటు కలదా, పిల్లలను పెంచుకొను చోటు కలదా. మంచి ప్రశ్నలే. కాని ఊర్జానగరమున మూడవ ప్రశ్నకు ముందు మరొకటి వేయవలెను: దాగుచోటు ఎవ్వరికి? పిట్టకు తలపై కొమ్మ చాలును. ఉడుతకు తొర్ర చాలును. మోకాలెత్తునుండి నడుమెత్తు వరకు దట్టముగ అల్లుకొన్న పొద మాత్రము మన ఊరిలో ఎవ్వరి ఇంటివద్దను ఉండరాదు. చెట్టునకు క్రింది కొమ్మలు మనిషి ఎత్తు దాక తీసివేయవలెను. గోడకానించి పొదలు పెంచరాదు. ఒక చోట నిలిచి చూచినచో పెరడంతయు కనబడవలెను. తంగేడు కొంత గుబురుగ పెరుగును గనుక దానిని విడివిడిగ, దారి ప్రక్క వెలుతురున్నచోట నాటి, పూత ముగియగానే కత్తిరింపవలెను. ఎంగిలి మెతుకులు పెరటిలో పారవేయుట, వీధికుక్కలకు గుమ్మమున తిండి పెట్టుట, కోళ్ళను తడిక గూటిలో ఉంచుట, ఈ మూడింటిని మానలేనివారు తోట జోలికి పోకుండుటయే మంచిది. ఈ మాట కటువుగ నున్నచో క్షమింపుడు. 2022ను మరచినవారికి మాత్రమే అది కటువు.

పాములు వచ్చునని కొందరి భయము. పాము ఎలుక కొరకు వచ్చును, ఎలుక చెత్తకొరకు, ఇటుకలు కట్టెలు గుట్టపోసిన మూల కొరకు వచ్చును. ఆ గుట్టను తీసివేయుడు. కోతుల విషయమున మాత్రము భయము నిజమే: జామ, బొప్పాయి, అరటి పెట్టినచో కొండముచ్చులు ఇంటి పైకప్పు దాక వచ్చును. కాలనీ నడుమ అట్టివి తగ్గించి, నేరేడు, రావి వంటి పండ్లచెట్లను ఇండ్లకు దూరముగ ఖాళీ జాగాలలో నాటుట మేలు. రావిచెట్టు ఇంటిగోడను విడువదు గనుక ఎటులను ఇంటివద్ద తగదు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపు మొక్కలు. నోటబెట్టుకొను వయసు పిల్లలున్నవారు వానిని సంఘభవనపు మడికి వదలిపెట్టుడు. పిట్టలకు నీరు పెట్టు మూకుడును దినదినము కడిగి నింపవలెను. లేనిచో మనము దోమలను పెంచినవారమగుదుము. మన వేసవి 45 డిగ్రీలు దాటుట వింత కాదు గదా, ఆ రోజులలో మూకెడు నీరు పెద్ద దానమే. మొక్కలకు మాత్రము వేరే నీరు అక్కరలేదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు చాలును.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ వేరొకటి. "క్వార్టరు మనది కాదు, ఉద్యోగ విరమణ కాగానే తాళము ఇచ్చి పోవువారము, చెట్టు ఎవరికొరకు?" అని మా మిత్రుడొకరు అడిగినారు. వారి మాటలో అబద్ధము లేదు. మన పెద్దలు కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలనుండి గనులకు, బల్లార్పూరు కాగితపు మిల్లునకు, తరువాత 1980వ దశకమున ఈ విద్యుత్కేంద్రమునకు పనికై వచ్చినపుడు వారిది కూడ అద్దె బ్రతుకే. రెండేండ్లలో తిరిగిపోదుమనుకొనిరి. మూడు తరములైనది. వారు నాటిన వేపలక్రింద మనము పెండ్లిపందిళ్ళు వేసితిమి. ఆ వేపలు నాటినవారిలో పెక్కురు ఆ క్వార్టర్లలో లేరు. ఐనను మిత్రుని మాటను మన్నించి ఇట్లు నిర్ణయించితిమి: చెట్టు నాటగోరువారు కాలనీ కార్యాలయము అనుమతితోనే, తీగలకు గొట్టములకు దూరముగ నాటవలెను, అట్లు వీలుకానివారు, మేడమీది యిండ్లవారు, కుండీలలో గునుగు, తులసి, కరివేపాకు, విష్ణుక్రాంతము పెంచుకొనవచ్చును. కుండీ తాళముతో పాటు అప్పగించనక్కరలేదు.

చంద్రపురమును కట్టిన గోండురాజు ఖాండక్యా బల్లాలసాహుని కథ ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లవానికి తెలియును. వేటకుక్కను ఒక కుందేలు తరుముట చూచి, ఆ కుందేలు తిరిగిన చోటనే కోట కట్టించెనందురు. కథ నిజమో కాదో చరిత్రకారులు చెప్పుదురు. ఆ కోటగోడలపై మొలచిన పొదలను, పేరుకొన్న చెత్తను ఈకో-ప్రో సంస్థ యువకులు 2017 నుండి తమ చేతులతో ఎత్తివేసి గోడను మరల కనబడునట్లు చేసిన మాట మాత్రము నిజము. పొదను తీయుటయు, చెట్టును నిలుపుటయు ఒకే చేతితో చేయవచ్చునని వారిని చూచి మేము నమ్మితిమి.

సంఘ కార్యవర్గము గత ఆదివారము చేసిన ఏర్పాట్లు ఇవి. భవనము ముందరి కోనోకార్పస్ వరుసలో సగము ఈ వేసవిలోనే తీసివేసి, ఆ నేలలో తంగేడు, గునుగు, పత్రి మొక్కలతో ఒక పండుగమడి వేయుదుము. తక్కిన సగము క్రొత్తవి నిలద్రొక్కుకొనిన పిదప తీయుదుము. ఒక్కసారిగ నేలను బోడి చేయుట మాకు సమ్మతము కాదు. మడి బాధ్యతను మహిళావిభాగము వహించినది. ఆ పెద్దమ్మను మొదటి గింజ వేయవలసినదిగ వేడుకొంటిమి, ఒప్పుకొన్నది. విత్తనములను ఊరిలోని చెట్లనుండి, బంధువుల పొలములనుండి మాత్రమే తేవలెను. అభయారణ్యమునుండి గింజ కాదు గదా ఆకైనను తేరాదు. అది చట్టవిరుద్ధము, ప్రాణాపాయము కూడ. ఖమ్మము జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యగారు ఎక్కడకు పోయినను గింజలు వెంట తీసికొనిపోయి చల్లెడివారు. కోటికి మించి మొక్కలు నాటిన ఆ మహనీయునికి 2017లో పద్మశ్రీ వచ్చినది, 2025 ఏప్రిల్‌లో వారు కన్నుమూసిరి. చదువు పెద్దగ లేని ఆయన చేసినపనిలో ఆవగింజంత మనము చేయలేమా?

తంగేడు గింజ పైపొర గట్టిది. గరుకునేలపై కొంచెము రుద్ది, గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టి వేయవలెను. రేల గింజయు అంతే. వేప, నేరేడు గింజలు మాత్రము రాలిన కొద్ది దినములలోనే వేయవలెను, దాచినచో మొలవవు. ఈ యేడు వేసిన తంగేడు ఈ బతుకమ్మకు పూయుననుకొనరాదు. రెండవ యేటికి నమ్మవచ్చును. గునుగు మాత్రము జూనులో చల్లినచో ఈ యేడే చేతికందును. ఎక్కువ మొలచినచో పీకివేయుటకు వెనుదీయవద్దు, అది చేలలో కలుపుమొక్కయని మరువరాదు.

గింజలను మే నెలాఖరులోగ సంఘభవనమున గాని, మా దుకాణమున గాని ఇచ్చి పోవచ్చును. పొట్లముపై చెట్టు పేరు, కోసిన చోటు తెలుగుననో మరాఠీననో వ్రాయుడు. తడిగింజలు ప్లాస్టికు సంచిలో తేవద్దు, బూజు పట్టును. కాగితపు పొట్లములు మా వద్ద కావలసినన్ని కలవు.